గొడ్డలి కేలరీల లెక్క

వాంతి చేసుకుంటూ కూడా లెక్క కట్టిన మనిషి లోకంలో ఇంకొకడు ఉంటాడని నేననుకోను. స్నానాల గదిలో మోకాళ్ళ మీద కూలబడి, బకెట్ అంచు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఆ మహానుభావుడు పెళ్ళాన్ని అడిగాడు. "మధ్యాహ్నం తిన్నది మూడు వందల పది కేలరీలు. అందులో సగం బయటికొచ్చేసి ఉంటుందంటావా?"

ఆవిడ తువ్వాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. "ముందు నీ ప్రాణం బయటికి రాకుండా చూసుకో," అంది.

అతన్ని పనిచేసే చోట అందరూ గొడ్డలి అంటారు. మాంసం ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా కోత బల్ల దగ్గర పని. పైన ఇనప పట్టా మీద కొక్కేలకు వేలాడుతూ చర్మం వలిచిన గొర్రెలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎదురుగా నిలబడ్డ మనిషి కాలు పట్టి లాగుతాడు, ఇతను భుజం కీలు దగ్గర కత్తి దించుతాడు. రెండే కోతలు, భుజం ఊడి బల్ల మీద పడాలి. మూడో కోత పడిందంటే తనని తానే బూతులు తిట్టుకునేవాడు. అయినా గొడ్డలి అన్న పేరు పనితనం వల్ల వచ్చింది కాదు, కోపం వల్ల వచ్చింది. మంచు గడ్డలు మోసేవాడి ముక్కు పగలగొట్టాడు ఒకసారి. బట్టలు మార్చుకునే గదిలో ఇనప బీరువా తలుపుని తన్ని తన్ని లోపలికి వంచేశాడు ఇంకోసారి, తాళం చెవి ఇంట్లో మర్చిపోయినందుకు. మాటకు ముందు చెయ్యి లేచేది. తర్వాత బాధపడేవాడు, అది నిజమే. కానీ బాధపడితే విరిగిన ముక్కు అతుక్కుంటుందా?

ఇలాంటివాడు కేలరీలు లెక్కపెట్టుకునే స్థితికి ఎలా వచ్చాడంటే, భయం వల్ల వచ్చాడు. ఇది సరిగ్గా అర్థం చేసుకోవాలి, లేకపోతే మిగిలిందంతా పిచ్చితనంలా కనిపిస్తుంది.

అతనికో అన్న ఉండేవాడు. ఆయనా అదే కోత హాల్లో పనిచేశాడు. నలభై ఆరో ఏట, కడిగే తొట్టి పక్కన నిలబడి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూనే కుప్పకూలిపోయాడు. గొడ్డలి కత్తి పారేసి పరిగెత్తి, నెత్తురూ నీళ్ళూ కలిసిన నేల మీద అన్నని వెల్లకిలా తిప్పి, రెండు అరచేతులతో ఛాతీ మీద నొక్కాడు. పక్కటెముక ఒకటి టప్పున విరిగింది. ఎముకలు విరిచే చేతికి ఆ చప్పుడు కొత్త కాదు. అయినా నొక్కుతూనే ఉన్నాడు. ఆస్పత్రి వ్యాన్ వచ్చేదాకా పద్దెనిమిది నిమిషాలు నొక్కాడు. అన్న బతకలేదు. ఆ తర్వాత నెల రోజులు ఏ గొర్రె పక్కటెముక విరిచినా వాంతి వచ్చేది అతనికి.

అప్పుడు పరీక్ష చేయించుకుంటే డాక్టరమ్మ బరువు చూసింది. నూట పన్నెండు కిలోలు. "ఇరవై కిలోలు తగ్గండి. లేకపోతే మీ అన్నగారి దారే," అంది. అప్పటికి అతనికి నలభై నాలుగు. అన్న పోయిన వయసుకి రెండేళ్ళే ఉంది. ఆ మాట గుండెలో దిగబడిపోయింది. చావంటే భయం లేదని పదిమంది ముందు ఛాతీ చరుచుకునే మనిషి, ఇంటికొచ్చి వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాడు. పెళ్ళాం బయటినుంచి విని ఊరుకుంది.

మర్నాడే చిన్న తూకం మెషిన్ కొన్నాడు. రోజుకి పదిహేను వందల కేలరీలు, ఒక్కటి దాటకూడదు. ఉడికించిన గుడ్డు డెబ్బై ఎనిమిది, అరటిపండు నూట ఐదు. ఆదివారం పొద్దున్నే చికెన్ ఉడకబెట్టి, గ్రాములు తూచి, వారానికి సరిపడా డబ్బాల్లో సర్ది, మూత మీద నల్ల మార్కరుతో అంకె రాసేవాడు. ఆ డబ్బాలు ఫ్రిజ్‌లో ఎవరు ముట్టుకున్నా చంపేసేలా చూసేవాడు. బరువు తగ్గింది, కాదనను. కానీ ఆకలితో ఉన్న కోపిష్టి ఎలా ఉంటాడో మీరే ఊహించుకోండి. అంతకుముందు వారానికోసారి వచ్చే తిక్క ఇప్పుడు పూటకోసారి వచ్చేది.

అతని ఎదురుగా నిలబడి గొర్రె కాలు లాగే మనిషి ఎవరో కాదు, సొంత బావమరిది. పెళ్ళాం తమ్ముడు, ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఎవర్నీ నొప్పించని మెతక మనిషి. బావే పని నేర్పించాడు, కత్తి నూరడం దగ్గర్నుంచి. ఒకరోజు టీ విరామంలో బావ మొహం పీక్కుపోయి ఉందని జాలిపడి, అడక్కుండానే అతని కప్పులో రెండు చెంచాల చక్కెర కలిపాడు. ఒక్క గుక్క తాగగానే గొడ్డలికి తెలిసిపోయింది. కప్పు నేలకేసి కొట్టి, వెనక్కి తిరిగి, బావమరిది చెంప పగిలేలా కొట్టాడు. నలభై మంది చూస్తుండగా.

"నన్ను చంపుదామనుకున్నావురా?" అని అరిచాడు.

"ముప్పై రెండు కేలరీలే కదా బావా," అన్నాడు వాడు చెంప పట్టుకుని. వాడికీ అంకెలు వచ్చేశాయి, రోజూ ఆ గోల వినీ వినీ. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బావమరిది నవ్వలేదు. ఆ రోజునుంచి బావ చెయ్యి ఎత్తితే చాలు, దేనికెత్తినా సరే, వాడి భుజాలు బిగుసుకునేవి. గొడ్డలి అది గమనించలేదు. కొట్టినవాడికి ఇలాంటివి ఎప్పుడు కనపడ్డాయి కనుక.

ఇక ఆ చికెన్ సంగతి. ఒక మంగళవారం మధ్యాహ్నం పోయిన కరెంటు బుధవారం పొద్దున్న గాని రాలేదు. ఫ్రిజ్ లోపల గోరువెచ్చగా అయిపోయింది. పెళ్ళాం పాలు పారబోసింది, డబ్బాలు కూడా పారేస్తానంది. "వద్దు, తూచినవి," అన్నాడు. మధ్యాహ్నం ఫ్యాక్టరీలో మూత తీస్తే పుల్లటి వాసన కొట్టింది. పది అడుగుల దూరం నుంచి ఇది నిన్నటి మాంసమా మొన్నటిదా అని చెప్పగల ముక్కు అతనిది. ఆ ముక్కుని నమ్మి కంపెనీ లారీలకు లారీలు వెనక్కి పంపింది. అలాంటి ముక్కు, పారెయ్యి అని చెప్పింది. మూత మీద మాత్రం మూడు వందల పది అని రాసి ఉంది. క్యాంటీన్‌లో ఇంకేదైనా తింటే దాని లెక్క తెలీదు. ఒక క్షణం ముక్కుకీ మూతకీ మధ్య ఊగిసలాడి, డబ్బా ఖాళీ చేశాడు.

బావమరిది చూశాడు. "బావా, వాసనొస్తోంది."

"నోర్ముయ్యి."

నాలుగు గంటలు తిరగకుండా ఆ మాంసం అతన్ని పట్టుకుని ఉతికి ఆరేసింది. పైనుంచీ కిందనుంచీ ఆగకుండా పోయింది. బకెట్‌లో నెత్తుటి జీర కనిపించేసరికి పెళ్ళాం ఇంక అతని మాట వినలేదు, తమ్ముణ్ణి పిలిచింది. తొంభై ఏడు కిలోల బావని ఆ సన్నపాటి మనిషి వీపున వేసుకుని రెండంతస్తులు దింపాడు. వీపు మీదే వాంతి చేసుకున్నాడు గొడ్డలి. వాడు ఆగకుండా మెట్లు దిగుతూనే పోయాడు.

రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడకి ఇతని సంగతి తెలుసు.

"ఈ పది రోజులూ లెక్క కట్టిపెట్టండి. ఒంట్లో నీళ్ళు లేవు, ఉప్పు లేదు. ఈ పొడి నీళ్ళలో కలుపుకుని గంట గంటకీ తాగండి. ఏది ఇముడుతుందో అది తినండి, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు. ఇప్పుడు తక్కువ తింటే కండ కరుగుతుంది, కొవ్వు కాదు. పది రోజులయ్యాక మళ్ళీ మాట్లాడుకుందాం."

అతను బుద్ధిమంతుడిలా తలూపాడు. ఇంటికి రాగానే చొక్కా కూడా విప్పకుండా బరువు చూసే మెషిన్ ఎక్కాడు. తొంభై ఒకటి.

ఆరు కిలోలు. ఆరు నెలల్లో తగ్గనిది మూడు రోజుల్లో తగ్గింది. అతని మొహం వెలిగిపోవడం చూసి పెళ్ళానికి ఒళ్ళు మండిపోయింది. అవి నీళ్ళురా బాబూ అని ఎవరు చెప్పినా అతనికి ఎక్కదు. ఇరవై కిలోలు దాటి ఇంకొకటి కూడా తగ్గాడు తన లెక్కలో. అన్న వయసు రావడానికి ఇంకా ఏడు వారాలుంది. గెలిచేశాననుకున్నాడు. ఇప్పుడు తినడం మొదలుపెడితే గెలిచినదంతా పోతుందనుకున్నాడు.

పెళ్ళాం పొడి కలిపిన సీసా చేతికిచ్చింది. ప్యాకెట్ వెనక చదివాడు. అందులో చక్కెర ఉందట. లీటరుకి యాభై నాలుగు కేలరీలు. సీసా పట్టుకెళ్ళి సింకులో పోశాడు.

"డాక్టరమ్మ ఏం చెప్పింది? నీ చెవులేమైనా ఆస్పత్రిలో వదిలేసి వచ్చావా?" అంది ఆవిడ.

"ఆవిడే తగ్గమంది. ఆవిడే తినమంటుంది. ఏదో ఒకటి చెప్పమను."

"ఒంట్లో బాగున్నప్పుడు తగ్గమంది. నిలబడలేకపోతున్నావు, చూసుకో. గోడ పట్టుకుని నడుస్తున్నావు."

ఆ రోజు తిన్నది గుడ్డులో తెల్లసొన రెండు, సగం అరటిపండు. మర్నాడు దానికి రెండు బిస్కెట్లు కలిశాయి. మూడోరోజు పొద్దున్న ఆవిడ తూకం మెషిన్ దాచేసింది. అది కనపడక అతను వంటింట్లో చేసిన వీరంగం, కింది ఇంటివాళ్ళు పైకి వచ్చి చూసేదాకా వెళ్ళింది. అల్మరా తలుపు పీకేశాడు. గిన్నెలన్నీ నేల మీద. గాజు జాడీ గోడకి తగిలి పగిలి ఓ పెంకు ఎగిరి ఆవిడ కనుబొమ్మ పైన గీసుకుంది. నెత్తురు కంట్లోకి కారింది. అతను ఆవిడని కొట్టలేదు. కొట్టలేదు, జాడీ గోడకి కదా వేసింది అని ఆ తర్వాత పదిసార్లు చెప్పుకున్నాడు, అదేదో ఘనకార్యమైనట్టు. ఆవిడ కొంగు కనుబొమ్మకి అదుముకుని, పిండి డబ్బాలోంచి మెషిన్ తీసి బల్ల మీద పెట్టింది.

"నీకు చావంటే భయమని నాకు తెలుసు. తలుపేసుకుని ఏడ్చినప్పుడే విన్నాను. కానీ నీ భయం ఈ ఇంట్లో మిగతావాళ్ళని చంపేస్తోంది," అంది. అతను మెషిన్ మీద పిండి తుడుచుకుంటున్నాడు.

నాలుగో రోజు డ్యూటీకి బయల్దేరాడు. ఇంకా వారం సెలవుంది. ఇంట్లో ఉంటే తినమని చంపుతారని వెళ్ళాడు.

ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. మెషిన్లు రాకముందునుంచీ ఉందంటారు. పొద్దున్న పట్టా కదలడానికి ముందు, బల్లకి అటూ ఇటూ నిలబడే జత ఇద్దరూ స్టీలు గ్లౌజు తీసేసి, రెండు చేతులూ వేళ్ళు విప్పి బల్ల మీదుగా చాపుతారు. ఐదు లెక్కపెట్టేదాకా ఒకరి వేళ్ళు ఒకరు చూసుకుంటారు. వేళ్ళు వణికితే ఎదుటివాడు "పక్కకి" అంటాడు. అంతే. ఆ రోజుకి కత్తి ముట్టుకోకూడదు, కొక్కేలు కడుక్కోవాలి. ఎందుకు వణికింది, తాగావా, జ్వరమా, పెళ్ళాంతో గొడవా అని ఎవరూ అడగరు. సూపర్‌వైజర్‌కి కూడా ఇందులో నోరు లేదు. ఆ మాట అనే హక్కు ఎదురుగా నిలబడ్డవాడిదే, ఎందుకంటే కత్తి జారితే వెళ్ళేది వాడి మీదకే.

గొడ్డలి చేతులు చాపాడు. చెవుల్లో హోరుమంటోంది. తన వేళ్ళు తనకి కనిపిస్తున్నాయి. కుడిచేతి చిటికెనవేలు, దాని పక్కది సన్నగా కొట్టుకుంటున్నాయి. పళ్ళు బిగబట్టి ఆపడానికి చూశాడు. ఆగలేదు. తనకి తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకుని తనంతట తనే పక్కకి వెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ కొక్కేలు కడిగితే బలహీనపడ్డాడని అందరికీ తెలుస్తుంది. అన్న కూడా పోయేముందు వారం రోజులు కొక్కేలే కడిగాడు. బావమరిది కళ్ళలోకి గుడ్లురుముతూ చూశాడు.

వాడు వేళ్ళు చూశాడు. తర్వాత మొహం చూశాడు. ఐదు లెక్క అయిపోయింది, వాడి పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

"ఏంటి?" అన్నాడు గొడ్డలి.

"ఏం లేదు బావా. సరే."

పట్టా కదిలింది. మొదటి గంట బాగానే నడిచింది. రెండో గంటలో మూడు కోతలు పడ్డాయి, తర్వాత నాలుగు. తిట్టుకునే ఓపిక కూడా లేదు. చల్లటి హాల్లో అతనికి చెమటలు పోస్తున్నాయి. పదకొండింటికి ఓ పెద్ద పొట్టేలు వచ్చింది. వాడు కాలు పట్టుకుని లాగి, ఒంటి బరువంతా వేసి వెనక్కి వాలాడు. గొడ్డలి కత్తి దించాడు. కీలు దొరకలేదు. మళ్ళీ బలంగా తోశాడు. అప్పుడు కాళ్ళు మడతపడి ముందుకు పడిపోయాడు. కత్తి కీలు మీద నుంచి జారి, అతని తొంభై కిలోల బరువుతో సహా బల్ల దాటి వెళ్ళి, స్టీలు గ్లౌజు ఆగిపోయే చోట, మణికట్టు పైన, బావమరిది ఎడమ చేతిలో దిగింది. దిగి, పడుతూ ఉన్న మనిషితో పాటు కిందికి, మోచేతి వైపు కోసుకుంటూ పోయింది.

వాడు అరవలేదు. చేతిలోంచి బయటికి వేలాడుతున్న తెల్లటి నరాన్ని చూసుకుని, "బావా," అన్నాడు, ఏదో చూపించడానికి పిలిచినట్టు. తర్వాత నెత్తురు ఎగజిమ్మింది, గొర్రె మీద, బల్ల మీద, నేల మీద పడి ఉన్న గొడ్డలి మొహం మీద. వెచ్చగా ఉంది. ఆ హాల్లో వెచ్చటి నెత్తురు ఉండదు, అక్కడికి వచ్చేసరికి అంతా చల్లబడిపోయి ఉంటుంది. స్పృహ తప్పేముందు అతనికి తెలిసింది అదే.

ఇద్దర్నీ ఒకే వ్యాన్‌లో తీసుకెళ్ళారు.

మర్నాడు మధ్యాహ్నానికి గొడ్డలి లేచి కూర్చోగలిగాడు. ఒంట్లో ఉప్పులు అడుగంటిపోయాయట, ఇంకో రోజు అలాగే ఉంటే ఏం జరిగేదో చెప్పలేమన్నారు. డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. కోపంగా ఉంది, దాచుకోలేదు.

"మీ గుండెకేం లేదు. అన్ని పరీక్షలూ చేశాం. ఇంత మోటుగా వాడినా బాగానే కొట్టుకుంటోంది. మీరు బతుకుతారు," అంది.

ఏడాదిన్నరగా ఆ మాట కోసమే బతికాడు. "వాడు?" అన్నాడు.

"ప్రాణానికి భయం లేదు. మూడు వేళ్ళు ముడుచుకోవు ఇంక. వాటి నరాలు చాలా పైదాకా తెగిపోయాయి."

సెలైన్ స్టాండు తోసుకుంటూ పక్క వార్డుకి వెళ్ళాడు. కిటికీ పక్క మంచం మీద బావమరిది దిండుకి ఆనుకుని ఉన్నాడు. ఎడమచెయ్యి మోచేతిదాకా కట్టు. కుడిచేతికి సూది గుచ్చి ఉంది. గొడ్డలి పెళ్ళాం తమ్ముడికి పాలలో నానబెట్టిన రొట్టె చెంచాతో తినిపిస్తోంది. కనుబొమ్మ మీద ప్లాస్టర్. మొగుణ్ణి చూసి గిన్నె బల్ల మీద పెట్టి, మంచినీళ్ళ చెంబు తీసుకుని బయటికి వెళ్ళింది.

క్షమించమని అడగడం అతనికి చేతకాదు, జీవితంలో అభ్యాసం లేదు. అందుకని సిగ్గులేకుండా ఈ ప్రశ్న అడిగాడు.

"నిన్న పొద్దున్న నా వేళ్ళు చూడలేదారా నువ్వు?"

"చూశాను బావా."

"వణికాయా?"

"వణికాయి."

"మరి పక్కకి అనలేదేంరా? ఒక్క మాట. అంటే నేను వెళ్ళిపోయేవాణ్ణి కదా."

బావమరిది దుప్పటి అంచు చూస్తూ ఉన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, అదే భరించరానిదిగా ఉంది.

"అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. నువ్వు చూసిన చూపుకి ఆగిపోయింది. మొన్న టీ తాగేటప్పుడు కొట్టావు కదా, మళ్ళీ అందరి ముందూ కొడతావేమో అనుకున్నాను. కత్తి సంగతి నాకు గుర్తు రాలేదు బావా. నీ చెయ్యే గుర్తొచ్చింది."

గొడ్డలి మంచం అంచు మీద కూర్చున్నాడు. "నేనూ అన్నలాగా పోతానని భయమేసిందిరా. నిజం. రోజూ భయమే. అందుకే ఇదంతా," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ ఫ్యాక్టరీలో గాని, ఆ ఇంట్లో గాని ఎవరితోనూ అనని మాట అది.

"తెలుసు బావా," అన్నాడు బావమరిది. "అందరికీ తెలుసు."

వాడి గడ్డం మీద పాలచుక్క జారి మెడ వైపు పోతోంది. తుడుచుకోవడానికి వాడికి చెయ్యి ఖాళీ లేదు. గొడ్డలి తుడుద్దామని చెయ్యి ఎత్తాడు.

బావమరిది కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. భుజాలు చెవులదాకా లేచాయి, కట్టుకట్టిన చెయ్యి మొహానికి అడ్డంగా వచ్చింది. వాడు కావాలని చేసింది కాదు.

నీళ్ళ చెంబుతో పెళ్ళాం గుమ్మంలో నిలబడిపోయి ఉంది. గొడ్డలి చెయ్యి అలాగే గాలిలో ఉంది. దాన్ని ముందుకు తీసుకెళ్ళలేక, దించుకోనూ లేక, బావమరిది కళ్ళు తెరిచేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.